ఎవరి లెక్క వారిదే... మరి తప్పెక్కడ?

విడివిడిగా చూస్తే అందరిదీ ఒప్పే. కలిపి చూస్తే మాత్రం తప్పు! ఇలాంటి తప్పుల్ని ముందుగానే పట్టుకునేలా కంప్యూటరుకు తర్కం నేర్పడం ఓ పెద్ద శాస్త్రం. ఒకరి భాష ఒకరికి తెలియని నిపుణుల్ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే ఆ శాస్త్రంలో మన ఫొటోల భద్రత ఉంది, మన ఆస్పత్రి కాగితాల గుట్టు ఉంది. జబ్బు పడి రెండేళ్ళు బడి మానేసిన ఓ అమ్మాయి సాధించిన విజయమూ ఉంది.

పెళ్ళి పనులు నెత్తిన వేసుకున్న ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పురోహితుడుగారు మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలకు ముహూర్తం పెట్టారు. దివ్యమైన ముహూర్తం, వంక పెట్టడానికి లేదు. ఫంక్షన్ హాలాయన "ఆ రోజు మీదేనమ్మా, రెండింటికల్లా ఖాళీ చేస్తే చాలు" అన్నాడు. వంటాయన "తాళి కట్టాకే వడ్డన. మూడు బంతులు, మూడు గంటలు" అన్నాడు. ముగ్గురూ నమ్మకస్తులే. ఎవరి మాటలోనూ తప్పు లేదు. కానీ ముగ్గురి మాటా ఒకే కాగితం మీద రాసి చూసుకుంటే తప్ప, రెండో బంతి లేవకముందే హాలు తాళాలు అడుగుతారన్న సంగతి తెలియదు!

పెళ్ళిలో అయితే ఎవరో ఓ మేనమామ ముందుకొచ్చి సర్దిచెబుతాడు. మరి రాకెట్‌కు సర్దిచెప్పేదెవరు?

1996 జూన్ 4న యూరప్ దేశాల వాళ్ళు ఏరియాన్-5 అనే కొత్త రాకెట్‌ను మొదటిసారి ప్రయోగించారు. ఎగిరిన దాదాపు 40 సెకన్లకే అది ముక్కలైపోయింది. కారణం ఏమిటంటే, పాత ఏరియాన్-4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము ముక్కను ఇందులోనూ వాడారు. కొత్త రాకెట్ పాతదానికన్నా వేగంగా పక్కకు కదిలింది. ఆ వేగాన్ని సూచించే సంఖ్య, ప్రోగ్రాములో దానికి కేటాయించిన గడిలో పట్టలేదు. ఆ గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ప్రోగ్రాము పాత రాకెట్‌కు సరైనదే. కొత్త రాకెట్టూ తన మటుకు తాను సరైనదే. రెండూ కలిసినప్పుడే చిక్కొచ్చింది.

1999 సెప్టెంబరులో అమెరికా వాళ్ళ అంగారక ఉపగ్రహం 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' గల్లంతైన కథా ఇలాంటిదే. ఒక బృందం బలాన్ని పౌండ్ల లెక్కలో ఇచ్చింది. అవతలి బృందం అది న్యూటన్ల లెక్క అనుకుంది. అంతే!

ఇలాంటి తప్పులు మనిషి కంటికి ఆనవు. లక్షల వరుసలున్న ప్రోగ్రాముల్లో ఎవరు వెతుకుతారు? అందుకే ఆ వెతికే పనిని కంప్యూటరుకే అప్పజెప్పారు. యంత్రం చేత తర్కం చేయించే ఈ విద్యను 'ఆటోమేటెడ్ రీజనింగ్' అంటారు.

అవునో కాదో తేల్చే యంత్రం

కొన్ని షరతులు ఇచ్చి, "ఇవన్నీ ఒకేసారి నిజం కాగలవా?" అని అడిగితే, ఎంత చిక్కు ప్రశ్నయినా సరే చివరికి అవుననో కాదనో కచ్చితంగా చెప్పి తీరే పద్ధతిని 'డెసిషన్ ప్రొసీజర్' అంటారు. మనం నిర్ణయ పద్ధతి అనుకుందాం. షరతులు తీరేలా విలువలు వెతికిపెట్టే ప్రోగ్రాములు 'కన్‌స్ట్రెయింట్ సాల్వర్లు'. రెండూ దగ్గర చుట్టాలే.

1929లో పోలండు దేశపు వార్సాలో మొజేష్ ప్రెస్‌బర్గర్ అనే యువకుడు ఓ సంగతి నిరూపించాడు. పూర్ణ సంఖ్యల మీద కూడికలు, ఎక్కువ తక్కువలు మాత్రమే ఉన్న ఏ ప్రశ్ననైనా ఓ పద్ధతి ప్రకారం తేల్చేయవచ్చన్నాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఆయన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీల మారణకాండకు బలైపోయాడు. ఆయన పద్ధతి మాత్రం బతికింది. 1954లో మార్టిన్ డేవిస్ అనే అమెరికన్ దాన్ని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, వాక్యూమ్ ట్యూబులతో నడిచే కంప్యూటరుకు ఎక్కించాడు. ఆ యంత్రం సాధించిన ఘనకార్యం ఏమిటో తెలుసా? రెండు సరి సంఖ్యలు కలిపితే సరి సంఖ్యే వస్తుందని నిరూపించడం! మూడో తరగతి పిల్ల చెప్పే మాటకు అంత యంత్రమా అని నవ్వుకోవచ్చు. కానీ ఒక యంత్రం తర్కించి ఓ సత్యాన్ని రుజువు చేయడం అన్నది చిన్న విషయం కాదు.

తర్వాతి ఏళ్ళలో ఇలాంటి నిపుణులు ఇంకా తయారయ్యారు. కూడికల నిపుణురాలు ఒకావిడ. పట్టికల నిపుణురాలు మరొకావిడ. కంప్యూటరు చిప్పులో సున్నాలు, ఒకట్లు ఎలా మారతాయో తెలిసినావిడ ఇంకొకావిడ. (నిజానికి వీళ్ళంతా ప్రోగ్రాములే. మన సౌకర్యం కోసం 'ఆవిడ' అనుకుందాం.) ఎవరి విద్యలో వాళ్ళు దిట్టలు. చిక్కల్లా ఒక్కటే. అసలు ప్రోగ్రాముల్లో వచ్చే ప్రశ్నలు కూడికా, పట్టికా, చిప్పూ కలగాపులగంగా ఉంటాయి. ఏ ఒక్కరికీ మొత్తం అర్థం కాదు. పోనీ అన్నీ తెలిసిన ఒకే ఒక్క మహాపండితురాలిని తయారుచేద్దామా అంటే, ప్రతి కొత్త విద్యకూ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

మరి ఉన్న నిపుణులనే కలిపి కూర్చోబెడితే?

బస్సు టిక్కెట్ల పేచీ

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ నెల్సన్, డెరెక్ ఓపెన్ అనే ఇద్దరు 1979లో దీనికో మార్గం చూపించారు. దాన్ని మన బస్సు టిక్కెట్లతోనే చూద్దాం.

అక్క, చెల్లెలు వేరు వేరు ఊళ్ళలో కాపురాలు. పుట్టింటి ఊరి బస్టాండు నుంచి ఇద్దరూ ఒకే రకం బస్సు ఎక్కుతారు. టిక్కెట్టు ధర దూరాన్ని బట్టే, మరి దేన్ని బట్టీ కాదు. ఇప్పుడు ఎవరో మూడు మాటలు చెప్పారు.

ఒకటి, అక్క ఊరు చెల్లెలి ఊరికన్నా దూరం కాదు.
రెండు, చెల్లెలి ఊరు అక్క ఊరికన్నా దూరం కాదు.
మూడు, అక్క టిక్కెట్టు చెల్లెలి టిక్కెట్టుకన్నా పది రూపాయలు ఎక్కువ.

ఈ మూడూ ఒకేసారి నిజం కాగలవా?

మన దగ్గర ఇద్దరు నిపుణులున్నారు. లెక్కలావిడకు కూడికలు, తీసివేతలు, ఎక్కువ తక్కువలు తెలుసు. బస్సులంటే ఏమిటో తెలియదు. టిక్కెట్లావిడకు తెలిసిందల్లా ఒక్కటే సూత్రం, 'ఒకే దూరానికి ఒకే ధర'. కిలోమీటరుకు ఎంతో కూడా ఆవిడకు తెలియదు. కూడిక అసలే రాదు.

లెక్కలావిడ మూడు మాటలూ చూసి "నా లెక్కలో అభ్యంతరం లేదు" అంది. దూరాలు సమానమైతే మొదటి రెండు మాటలూ నిజమవుతాయి. ఒక టిక్కెట్టు పదిహేను, ఇంకోటి ఐదు అనుకుంటే మూడోదీ నిజమే. టిక్కెట్టు ధరకూ దూరానికీ సంబంధం ఉందని ఆవిడకు తెలియదు కదా! ఇక టిక్కెట్లావిడ "దూరాలు వేరైతే ధరలు వేరు కావచ్చు, నాకూ అభ్యంతరం లేదు" అంది. విడివిడిగా అడిగినంతసేపూ ఇద్దరూ సరేనంటారు. అచ్చం హాలాయన, వంటాయన లాగా!

నెల్సన్, ఓపెన్ పెట్టిన నియమం ఏమిటంటే, మీ గదిలో మీకు తెలిసిన సంగతులన్నీ బయట పెట్టనక్కర్లేదు. కానీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పేర్లలో ఏ రెండు సమానమని తేలినా ఆ మాట వెంటనే అవతలివాళ్ళకు చెప్పాలి. అంతకు మించి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చూడండి. మొదటి రెండు మాటల్ని బట్టి లెక్కలావిడకు "రెండు దూరాలూ సమానం" అని తేలింది. ఆ చీటీ టిక్కెట్లావిడకు పంపింది. టిక్కెట్లావిడ చీటీ చూడగానే "అయితే రెండు టిక్కెట్ల ధరా సమానం" అని తిరుగు చీటీ పంపింది. అది చదివిన లెక్కలావిడ ఉలిక్కిపడింది. ధరలు సమానమైతే తేడా సున్నా కావాలి. పది రూపాయలెలా వచ్చింది? "కుదరదు!" అనేసింది. రెండే రెండు చీటీలతో పేచీ బయటపడింది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, లెక్కలావిడ చివరిదాకా బస్సుల గురించి నేర్చుకోలేదు. టిక్కెట్లావిడ కూడికలు నేర్చుకోలేదు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టలేదు. 'ఇదీ అదీ ఒకటే' అనే ఒక్క రకం మాట ఇచ్చిపుచ్చుకుంటే చాలింది.

కలవాలంటే షరతులున్నాయి

ఇంత సులువైతే ఇంకేం, అందర్నీ కలిపేద్దామంటే కుదరదు. మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, ఇద్దరి విద్యలకూ 'సమానం' అన్న గుర్తు తప్ప మరేదీ ఉమ్మడిగా ఉండకూడదు. 'ఎక్కువ', 'తక్కువ' అన్న మాటలు ఇద్దరూ వాడుతూ, వాటికి చెరో అర్థం చెప్పుకుంటుంటే చీటీలు సరిపోవు.

రెండోది, కొన్నిసార్లు నిపుణురాలికి కచ్చితమైన సమానం దొరకదు. "స్టేజీ నంబరు 3కి తక్కువ కాదు, 4కి ఎక్కువ కాదు" అంటే అది 3 కావచ్చు, 4 కావచ్చు. పూర్ణ సంఖ్యలతో ఈ బాధ తప్పదు. అప్పుడు ఆవిడ "ఇదైనా కావాలి, అదైనా కావాలి" అని చీటీ రాస్తుంది. అవతలావిడ రెండు దారులూ విడివిడిగా నడిచి చూడాలి. ఇలాంటి చీటీలు పదొస్తే దారులు వెయ్యి దాటతాయి. కంప్యూటర్లకు చెమటలు పట్టేది ఇక్కడే.

మూడోది చిత్రమైనది. ఒకావిడ ప్రపంచంలో మొత్తం ఉన్నవే రెండు వస్తువులనుకోండి. రెండో ఆవిడ తన గదిలో మూడు వేర్వేరు వస్తువులు కావాలంటోంది. కానీ ఆ పేర్లు మొదటావిడకు తెలియవు. చెప్పుకోవడానికి ఉమ్మడి పేర్లే లేవు కనుక చీటీ ఒక్కటీ నడవదు. ఇద్దరూ సరేనంటారు, కానీ నిజానికి కుదరదు! అందుకే ఎవరి ప్రపంచమైనా ఎన్ని వస్తువులకైనా చోటిచ్చేంత విశాలంగా ఉండాలన్నది నియమం. ఇరుకు మనసులతో పొత్తు కుదరదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

పెద్దరికం ఎవరిది?

నిపుణులు మాత్రమే ఉంటే చాలదు. "ఇదైనా, అదైనా" అన్న చిక్కులు వచ్చినప్పుడు ఏ దారి ముందు చూడాలో చెప్పే పెద్దమనిషి కావాలి. ఆ పని చేసేది 'శాట్ సాల్వర్'. దీనికి పునాది వేసింది 1960లో మార్టిన్ డేవిస్, హిలరీ పట్నమ్. 1962లో డేవిస్ మరో ఇద్దరితో కలిసి దాన్ని మెరుగుపరిచాడు. ఒక దారి పట్టి చూడడం, అది మూసుకుపోతే వెనక్కొచ్చి ఇంకో దారి పట్టడం, ఇదే సూత్రం. 2001లో ప్రిన్స్‌టన్‌లో శరద్ మాలిక్ బృందం చేసిన 'చాఫ్' అనే ప్రోగ్రాము ఈ పనిని ఎంతో వేగవంతం చేసింది. ఒకసారి ఎదురుదెబ్బ తగిలితే దానికి కారణం గుర్తుపెట్టుకుని మళ్ళీ అటు వెళ్ళకపోవడం ఇలాంటి ప్రోగ్రాముల ప్రత్యేకత.

ఈ పెద్దమనిషినీ నిపుణులనూ కలిపితే వచ్చిన కూటమి పేరు 'ఎస్ఎంటీ సాల్వర్'. వాటిలో బాగా పేరుపడ్డది జెడ్3. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో లియోనార్డో డి మౌరా, నికోలాయ్ బ్యోర్నర్ తయారుచేసి, 2008లో లోకానికి పరిచయం చేశారు. పెద్దమనిషి ఒక దారి ప్రతిపాదిస్తాడు. నిపుణులు చీటీలు ఇచ్చిపుచ్చుకుని "కుదరదు" అంటే, ఎందుకు కుదరదో కూడా చెబుతారు. ఆయన ఆ కారణం గుర్తుపెట్టుకుని మరో దారి చూస్తాడు. ఇదంతా సెకనులో వేలసార్లు జరిగిపోతుంది.

జూలియా కోరిక

ఈ కథలో డేవిస్, పట్నమ్‌ల పక్కన నిలబడ్డ ఓ మహిళ ఉంది. పేరు జూలియా రాబిన్‌సన్. 1919లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. తొమ్మిదో ఏట స్కార్లెట్ జ్వరం, ఆ వెనకే రుమాటిక్ జ్వరం. రెండేళ్ళకు పైగా బడి పోయింది. గుండె దెబ్బతింది. తర్వాత ఇంటికొచ్చిన టీచరు సాయంతో నాలుగు తరగతుల చదువును ఒక్క ఏడాదిలో పూర్తిచేసింది.

1941లో గణిత ప్రొఫెసర్ రాఫెల్ రాబిన్‌సన్‌ను పెళ్ళాడింది. భర్త పనిచేసే శాఖలో భార్యకు ఉద్యోగం ఇవ్వకూడదన్నది అప్పట్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నియమం. గుండె బలహీనత వల్ల పిల్లల్ని కనవద్దన్నారు డాక్టర్లు. ఆ దిగులులో ఉన్నప్పుడు భర్త ఆమెను మళ్ళీ గణితం వైపు మళ్ళించాడు. 1948లో ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ దగ్గర డాక్టరేట్ చేసింది. వార్సాలో ప్రెస్‌బర్గర్‌కు గురువైనదీ ఆ టార్‌స్కీయే!

ఆమె పట్టుకున్న ప్రశ్న మన కథకు ప్రాణం లాంటిది. పూర్ణ సంఖ్యల్లో కూడికలు మాత్రమే ఉంటే అన్నీ తేల్చవచ్చని ప్రెస్‌బర్గర్ చూపాడు కదా. గుణకారాలు మాత్రమే ఉన్నా తేల్చవచ్చని 1930లో స్కోలెమ్ చూపాడు. మరి కూడిక, గుణకారం రెండూ ఒకే సంఖ్యల మీద కలిస్తే? అన్నీ తేల్చే పద్ధతి అసాధ్యమని 1936 నాటికి తేలిపోయింది! ఇద్దరు మహా నిపుణులు. విడివిడిగా ఓటమి లేదు. ఒకే సంఖ్యల మీద ఇద్దరూ చెయ్యి వేసేసరికి ఎవరికీ అందని చిక్కుముడి. ఇక్కడ చీటీలు చాలవు. కూడికకూ గుణకారానికీ ఉన్న చుట్టరికం 'సమానం' ఒక్కదానితో తెగేది కాదు.

పోనీ, సంక్లిష్టమైన ప్రశ్నలు వదిలేసి, మామూలు సమీకరణాలకు పూర్ణ సంఖ్యల్లో జవాబు ఉందో లేదో మాత్రమైనా తేల్చే పద్ధతి ఉందా? 1900లో హిల్బర్ట్ వేసిన పదో ప్రశ్న ఇది. జూలియా ఏటా పుట్టినరోజు కొవ్వొత్తులు ఊదేటప్పుడు ఈ ప్రశ్న తేలిపోవాలని కోరుకునేదట. తానే తేల్చాలని కాదు, ఎవరు తేల్చినా సరే! 1961లో డేవిస్, పట్నమ్, జూలియా కలిసి దాదాపు గమ్యం దాకా వచ్చారు. మిగిలిన ఒక్క మెట్టును 1970లో లెనిన్‌గ్రాడ్ కుర్రాడు యూరీ మతియాసెవిచ్ ఎక్కాడు. అప్పటికి అతని వయసు 22. అలాంటి పద్ధతి లేదని తేలింది. అమెరికా, రష్యాల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజులవి. అయినా వాళ్ళిద్దరూ ఆ తర్వాత కలిసి పరిశోధన చేశారు.

జూలియాను అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నుకున్నప్పుడు, ఆవిడెవరని విశ్వవిద్యాలయం పత్రికా విభాగం గణిత శాఖకు ఫోన్ చేస్తే, "ప్రొఫెసర్ రాబిన్‌సన్‌గారి భార్య" అన్నారట! అంత గౌరవం దక్కాకే బర్క్‌లీ ఆమెను ప్రొఫెసర్‌ను చేసింది. 1983లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి అధ్యక్షురాలైంది. ఆ పదవిలో తొలి మహిళ ఆమే. 1985లో లుకేమియాతో కన్నుమూసింది.

ఇలాంటి పరిమితుల వల్ల కూడా ఈనాటి సాల్వర్లు మూడు రకాల జవాబులిస్తాయి. "కుదురుతుంది", "కుదరదు", "తెలియదు". ఆ మూడోది సోమరితనం కాదు, ఒక్కోసారి అది గణితం గీసిన గీత.

తప్పు పట్టేవాళ్ళలో తప్పుంటే?

నిపుణుల్ని కలపడానికి ఇంకో దారీ వచ్చింది. 1984లో రాబర్ట్ షోస్టాక్ వేగంగా పనిచేసే పద్ధతి ఒకటి ప్రకటించాడు. చాలా ఏళ్ళు దాన్ని వాడారు, దాని మీద పెద్ద పరికరాలు కట్టారు. 2001లో హరాల్డ్ రూయెస్, నటరాజన్ శంకర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్ని విప్పి చూసి, మూలంలోనే లోపాలున్నాయని చూపించారు. కొన్ని ప్రశ్నలకు అది ఎప్పటికీ ఆగదు, కొన్నింట్లో ఉన్న పేచీని పట్టుకోదు. ఊరికే తప్పు చూపి వదిలేయకుండా, సరైన పద్ధతినీ రుజువుతో సహా ఇచ్చారు. కొలిచే తక్కెడను కూడా అప్పుడప్పుడూ తూచాలన్నమాట! ఇప్పుడు కొన్ని సాల్వర్లు "కుదరదు" అన్నప్పుడు ఆ రుజువును కూడా రాసిస్తాయి. దాన్ని మరో చిన్న ప్రోగ్రాము సరిచూస్తుంది.

మన ఇంటిదాకా వచ్చిన తర్కం

"ఇవన్నీ సైంటిస్టుల గొడవలు, మనకెందుకు?" అనుకుంటున్నారా? ఒకప్పుడు కంప్యూటరు మీద పనిచేస్తుండగా ఉన్నట్టుండి తెర నీలంగా మారి అంతా ఆగిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దానికి ఎక్కువగా కారణం ప్రింటర్లు వగైరాలను నడిపే చిన్న ప్రోగ్రాములు. వాటిలో తప్పులు వెతికే స్లామ్ అనే పరికరాన్ని మైక్రోసాఫ్ట్‌లో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి తయారుచేశారు. తర్వాత దానికీ జెడ్3 తోడయింది. ఈ శ్రీరామ్ రాజమణి ఆ తర్వాత బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకు సారథ్యం వహించారు.

ఇక మన ఫొటోలు, బ్యాంకు వివరాలు, ఆస్పత్రి రిపోర్టులు ఈ రోజుల్లో ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లలో దాచి ఉంటున్నాయి. వాటిని ఎవరు చూడవచ్చో, ఎవరు చూడకూడదో నియమాలు రాస్తారు. "మా ఉద్యోగులు చూడవచ్చు", "ఫలానా చోటు నుంచి అయితేనే చూడవచ్చు", "ఫలానావాళ్ళు తప్ప ఎవరూ చూడకూడదు"... ఇలా ఒకరు ఒకటి, మరొకరు మరొకటి రాస్తారు. ఒక్కో నియమం చూస్తే సవ్యంగానే ఉంటుంది. అన్నీ కలిపితే ఎక్కడో ఓ సందులోంచి ముక్కూమొహం తెలియనివాడు లోపలికి రావచ్చు. ఆడపిల్లల ఫొటోలు, పేషెంట్ల రహస్యాలు బయటపడితే పోయేది కంపెనీ పరువు ఒక్కటేనా?

అమెజాన్ క్లౌడ్ విభాగం వాళ్ళు ఇందుకోసం జెల్కోవా అనే పరికరాన్ని కట్టారు. 2018లో దాని వివరాలు ప్రచురించారు. నియమాలన్నిటినీ షరతులుగా మార్చి, "బయటివాళ్ళెవరైనా లోపలికి రాగల దారి ఒక్కటైనా ఉందా?" అని సాల్వర్‌ను అడుగుతుంది. లేదంటే లేదనే. నాలుగు ఉదాహరణలు పరీక్షించి ఊరుకోవడం కాదు, అన్ని దారులూ చూసినట్టే లెక్క. ఆ సంస్థ శాస్త్రవేత్త నేహా రుంగ్టా 2022లో ఇచ్చిన పరిశోధన పత్రం పేరే 'రోజుకు వంద కోట్ల ఎస్ఎంటీ ప్రశ్నలు' అని! ఆ పరిమాణంలో అడుగుతున్నారన్నమాట.

అయితే ఒక్క మాట. యంత్రం మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. అడగని ప్రశ్న ఊసెత్తదు. "బయటివాళ్ళు రాగలరా?" అని అడిగితే బయటివాళ్ళ సంగతే చూస్తుంది. లోపలున్నవాడే దొంగ అయితే ఆ ప్రశ్న మనమే అడగాలి. ఏది ప్రమాదమో, ఎవరికి ప్రమాదమో ఆలోచించి ప్రశ్న తయారుచేసే పని ఇంకా మనిషిదే. అక్కడ ఆడవాళ్ళు ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఈ దారిలో మహిళలు

నిజానికి ఈ నిపుణుల్ని కలిపే శాస్త్రంలో మహిళల చెయ్యి మొదటినుంచీ ఉంది. ఫ్రాన్సుకు చెందిన ఎలెన్ కిర్షనర్, క్రిస్టోఫ్ రింగైసెన్‌తో కలిసి కన్‌స్ట్రెయింట్ సాల్వర్లను జోడించే పద్ధతుల మీద 1994లో ముఖ్యమైన పరిశోధన పత్రం ప్రచురించారు. రెండేళ్ళకే, 1996లో, జర్మనీలోని మ్యూనిక్‌లో కేవలం ఈ 'కలపడం' అనే విషయం మీదే ఒక సదస్సు మొదలైంది. జర్మనీలో పనిచేసే వియోరికా సోఫ్రోనీ-స్టోకర్‌మన్స్ ఒక విద్య మీద ఇంకో విద్యను మెట్లు మెట్లుగా పేర్చే పద్ధతులు కనిపెట్టారు. ఇటలీలోని వెరోనా ప్రొఫెసర్ మరియా పావొలా బొనచీనా ఇంకో ముందడుగు వేశారు. ఎస్ఎంటీ సాల్వర్ల మామూలు పద్ధతిలో పెద్దమనిషి ఒకడు, నిపుణులు అతని కింద. బొనచీనా మరో ఇద్దరితో కలిసి 2017లో ప్రతిపాదించిన పద్ధతిలో పెద్దా చిన్నా లేదు. అందరూ సమానమే. ఎవరైనా ఒక విలువను ప్రతిపాదించవచ్చు, ఎవరైనా పేచీ పట్టుకోవచ్చు. ఆమెతో పనిచేసిన ఇద్దరిలో ఒకరు, షోస్టాక్ లోపాలను సరిచేసిన శంకరే!

మీ అమ్మాయికి ఆసక్తి ఉందా?

పజిళ్ళు, సుడోకులు ఇష్టపడే అమ్మాయి ఇంట్లో ఉంటే ఈ రంగం గురించి చెప్పండి. సుడోకు కూడా షరతుల చిక్కే కదా! ఇంటర్‌లో లెక్కలు చదివి, తర్వాత కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగో, మ్యాథ్స్‌లో డిగ్రీయో చేస్తే చాలు, దారి ఉంది. 'డిస్‌క్రీట్ మ్యాథమెటిక్స్', 'లాజిక్' అనే సబ్జెక్టులను పరీక్ష కోసం బట్టీ పట్టకుండా ఇష్టంగా చదవాలి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, ఐఐటీల్లోనూ ఈ విద్య నేర్పేవాళ్ళున్నారు.

పరికరాలకు పైసా ఖర్చులేదు. జెడ్3ను 2015 నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకునేలా, లోపల ఏముందో చూసుకునేలా విడుదల చేశారు. పైథాన్ భాష కొద్దిగా వస్తే చాలు. పైన చెప్పిన అక్కాచెల్లెళ్ళ టిక్కెట్ల పేచీని పది వరుసల్లో రాసి అడగవచ్చు. క్షణంలో "కుదరదు" అని జవాబొస్తుంది. ఆ తర్వాత మూడో మాటలో పది రూపాయలు తీసేసి సున్నా పెట్టమనండి. అప్పుడు "కుదురుతుంది" అనడమే కాదు, దూరాలెంతో, టిక్కెట్టెంతో ఒక ఉదాహరణ కూడా ఇస్తుంది.

మొదట్లో జవాబు "తెలియదు" అని వస్తే నిరుత్సాహపడవద్దని చెప్పండి. ప్రశ్నను ఇంకోలా అడిగి చూడమనండి. ఒక్కోసారి జవాబు దొరికేది అక్కడే.